దోమలకు పూసిన పసుపు

ఆ రోజు పొద్దున శ్రీమన్నారాయణ వేసుకున్న పథకం చాలా చిన్నది. కూలీలు రాగానే కాయ కోత మొదలుపెట్టించడం, మధ్యాహ్నానికల్లా లారీకెత్తించడం, సాయంత్రం బావమరిది బసవపున్నారావు ఎదురుగా కుర్చీ వేసుకుని తీరిగ్గా కాఫీ తాగడం. ఇందులో ఎవరికీ ఏ కష్టమూ లేదు, బసవపున్నారావుకి తప్ప.

ముసునూరు దారిలో ఉన్న ఆ మామిడితోట శ్రీమన్నారాయణదే. కానీ ఏటా పూత మీదే బేరం కుదిర్చి దాన్ని అమ్మిపెట్టేది బసవపున్నారావు. కాపలా, కోత అన్నీ కొన్నవాళ్ళు చూసుకునేవారు. శ్రీమన్నారాయణ అరుగు మీద పేపరు చదువుకునేవాడు. మొన్న మాఘమాసంలో ఒక పెళ్ళిలో, నిండు పంక్తిలో, "మా బావగారికి తోటుంది గానీ తోట చెయ్యడం రాదండీ" అనేశాడు బసవపున్నారావు. పంక్తంతా నవ్వింది. సాంబారు వడ్డించేవాడు కూడా గరిటె ఆపి మరీ నవ్వాడు. శ్రీమన్నారాయణకి చాలా అవమానమైంది. "ఈ ఏడు గాలివాన రాకముందే కాయంతా నేనే దింపిస్తా. దించలేకపోతే తోట నీ చేతిలో పెట్టేస్తా, మళ్ళీ దాని ఊసెత్తను" అని విస్తరి ముందు శపథం చేశాడు. పెరుగన్నం తినకుండా లేచిపోయాడు కూడా.

అందుకే కోత ముందు రాత్రి కాపలాకి తోటలోని పాకలోనే పడక వేశాడు. భార్య బుజ్జమ్మ దోమతెర ఇవ్వబోతే వద్దన్నాడు. ఆ మధ్య రేడియోలో ఎవరో ప్రకృతి వైద్యం గురించి మాట్లాడగా విని, అప్పట్నించీ ఆ ఇంట్లో అన్నీ ఆకులతోనూ వేళ్ళతోనూ జరిపిస్తున్నాడు. దోమలకి కూడా ఆ పెద్దమనిషి చెప్పినట్టే చేశాడు. పాక చుట్టూ ఉన్న కుండల్లోని నిలవనీళ్ళు ఒంపేశాడు. వావిలాకు పొగ వేశాడు. గుమ్మానికీ, మంచానికీ వేపమండలు కట్టాడు. ఒళ్ళంతా వేపనూనె పట్టించాడు. నూనెలో పసుపు కలపడం మాత్రం ఆయన సొంత తెలివి. లేతరంగు బట్ట నిండా కప్పుకోవాలన్నారు కదా అని, బుజ్జమ్మ పాత పసుపుపచ్చ నేతచీర అడిగి తెచ్చుకుని ఒంటికి చుట్టుకున్నాడు. పొగ గాలివాలున పక్కతోటలోకి పోయింది. దోమలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి.

తెల్లవారింది. మేస్త్రి పెద్దిరాజు కూలీలను వెంటబెట్టుకుని, కాయ తెంపే చిక్కాలు భుజాన వేసుకుని వచ్చాడు. పాక గుమ్మం చూసి ఆగాడు. లోపల మంచం మీద పసుపుపచ్చ చీరలో, పసుపు మొహంతో, ఆ మొహం నిండా ఎర్రటి పొక్కులతో శ్రీమన్నారాయణ ఆవలిస్తూ లేచి కూర్చున్నాడు. పెద్దిరాజు చెప్పులు విడిచేశాడు. వెనకున్న వెంకాయమ్మ లెంపలు వేసుకుంది.

ఒళ్ళంతా పొక్కులు లేచే ఆ జబ్బుని ఆ వైపు ఎవరూ జబ్బనరు. అమ్మవారు వచ్చిందంటారు. వాకిట్లో వేపమండలు కడతారు, ఒంటికి వేపాకూ పసుపూ రాస్తారు, ఇంట్లో తాలింపు మానేస్తారు, మనిషిని మంచం దిగనివ్వరు.

"ఎప్పుడొచ్చావు తల్లీ?" అంది వెంకాయమ్మ చేతులు జోడించి.

"తల్లేంటే? ఇవి దోమలు కుట్టినవి!"

"దోమలైతే ఈ వేపాకంతా ఎందుకండీ?" అన్నాడు పెద్దిరాజు.

"దోమలు కుట్టకుండా!"

"మరి కుట్టినాయి గదండీ?"

రేడియో ఆయన ఈ సంగతి చెప్పలేదు.

"మా తమ్ముడు పున్నయ్యకి వచ్చినప్పుడు వాడూ నల్లులే అన్నాడండీ," అంది వెంకాయమ్మ జాలిగా. "అమ్మవారు ఉన్నచోట చెట్టెక్కి కాయ తెంపుతామా? పడుకోండయ్యగారూ. ఆవిడ చల్లబడ్డాక కోసుకుందాం."

"అప్పటిదాకా గాలివాన ఆగుతుందా!" అని అరిచాడు శ్రీమన్నారాయణ. చింతలపూడి వైపు అప్పటికే నల్లగా ఒక మబ్బు లేస్తోంది. ఆయన కళ్ళముందు తోట కనబడలేదు, ఆ పెళ్ళి పంక్తి కనబడింది.

కబురు ఇంటికి వెళ్ళింది. బుజ్జమ్మ వచ్చేలోపల దారిలో ముగ్గురు ఎదురై ముగ్గురూ ఓదార్చడంతో, తోట చేరేసరికి ఆవిడకి అనుమానమే లేకుండా పోయింది. కొబ్బరిబోండం, ఉప్పులేని పెరుగన్నం పట్టుకుని కళ్ళొత్తుకుంటూ వచ్చింది.

"నా మొహం నువ్వయినా సరిగ్గా చూడవే! రాత్రి వేపనూనె నీ చేత్తోనే ఇచ్చావు కదా!"

"ఇచ్చానండీ. రాబోతోందని మీకు ముందే తెలిసి అడిగారు కాబోలు. నాతో ఒక్క మాట అనకుండా మీలోనే దాచుకున్నారు!"

ఇలా లాభం లేదని, పసుపు కడిగేసి చూపిద్దామని బోరింగు వైపు పరిగెత్తాడు. కుట్టినచోటల్లా గోకుతూ, చీర కొంగు నేలమీద ఈడ్చుకుంటూ, యజమాని అలా పరిగెత్తడం చూసి కూలీలకి ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. "నీళ్ళు తగలకూడదండీ! జ్వరం తలకెక్కింది, పట్టుకోండి!" అని నలుగురూ భక్తిగా ఎత్తుకొచ్చి మళ్ళీ మంచం మీద పెట్టారు. బుజ్జమ్మ పెరుగన్నం నోట్లో పెట్టింది.

ఈలోగా మోటారు సైకిలు మీద బసవపున్నారావు దిగాడు. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని చాలా దూరంలో నిలబడ్డాడు.

"మీరు ఏమీ దిగులు పెట్టుకోకండి బావగారూ. హాయిగా పడుకోండి. తోట నేను చూసుకుంటాగా!"

గొంతులో ఎంత ఆప్యాయత ఉందంటే, శ్రీమన్నారాయణకి ఒళ్ళు మండిపోయింది. గాలి అప్పుడే తిరిగింది. కొమ్మలు కదులుతున్నాయి. నిజం చెబితే ఒక్కరూ నమ్మడం లేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే కనబడింది ఆయనకి. పళ్ళు బిగబట్టి, జుట్టు చెరుపుకుని, నులకమంచం మీద లేచి నిలబడ్డాడు.

"ఓరి పెద్దిరాజూ!"

ఆ కేకకి బుజ్జమ్మ చేతిలో గిన్నె జారిపోయింది.

"నా తోటలో నా కాయ చెట్టునుంటే గుడ్లప్పగించి చూస్తార్రా? మబ్బు కనబడ్డం లేదా? కొయ్యండి! ఒక్క కాయ రాలిందో, ఊరుకోను!"

"తప్పయింది తల్లీ!" అంటూ అందరూ సాష్టాంగపడ్డారు. లేచినవాళ్ళు లేచినట్టే చెట్లెక్కారు. ఊళ్ళోకి కబురెళ్ళి ఇంకా జనం గంపలతో వచ్చిపడ్డారు. పుట్టి బుద్ధెరిగాక శ్రీమన్నారాయణ మాట ఒక్కసారి చెప్పగానే జరగడం అదే మొదలు. ఆయనకి అది చాలా బాగుంది.

"ఆ రుమాలువాడెవడు? వాడూ చిక్కం పట్టాలి!"

బసవపున్నారావు రుమాలు జేబులో పెట్టుకుని, టెరీలిన్ చొక్కాతోనే పెద్దరసం చెట్టెక్కాడు. దిగబోతే శ్రీమన్నారాయణ మళ్ళీ హుంకరించాడు. మళ్ళీ ఎక్కాడు.

మధ్యాహ్నానికి తోటలో ఆఖరి కాయ కూడా గంపలోకి దిగింది. ఆ వెంటనే గాలీ వానా కలిసి విరుచుకుపడ్డాయి. కొమ్మలు ఊగాయి గానీ రాలడానికి ఏమీ మిగల్లేదు. శ్రీమన్నారాయణ ఆ వానలోకి దిగి, చేతులు చాచి, చిన్నపిల్లాడిలా నవ్వుతూ నిలబడ్డాడు. పసుపూ వేపనూనే కాళ్ళవెంట కారిపోయాయి. గెలిచానన్న సంతోషంతో ఆయనకి ఏడుపొచ్చింది.

వాన వెలిసింది. రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది.

"ఇక లారీకెత్తండ్రా," అన్నాడు.

"లారీకేంటండీ?" అన్నాడు పెద్దిరాజు నివ్వెరపోయి. "'నా తోట, నా కాయ' అని అమ్మవారు నోరారా చెప్పింది గదా. ఆవిడ కాయ బజార్లో పెట్టి అమ్ముకుంటామా? ప్రసాదం పంచాలండీ. రెడ్డిగూడెం దాకా కబురంపాం."

శ్రీమన్నారాయణ గబగబా మంచమెక్కి, జుట్టు విదిలించి, "ఓరి పెద్దిరాజూ!" అని గర్జించాడు.

ఎవ్వరూ కదల్లేదు. వెంకాయమ్మ దగ్గరికొచ్చి ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది.

"దిగండయ్యగారూ. అమ్మవారు వెళ్ళిపోయింది. వాన కురిసింది, ఆ తల్లి చల్లబడింది. చూడండి, మొహం మీద పసుపన్నదే లేదు."

"మరి ఈ పొక్కులు? ఇవేంటి?"

"ఇయ్యా?" అని వెంకాయమ్మ నవ్వింది. "దోమలు కుట్టినవండీ."

అందరూ వంగి చూశారు. దోమలేనని అందరూ ఒప్పుకున్నారు. తెర కట్టుకోవాల్సిందని బుజ్జమ్మ కూడా అంది.

సాయంత్రానికి గంపలన్నీ నెత్తులమీద ఊళ్ళలోకి వెళ్ళిపోయాయి. బసవపున్నారావు తన వాటా రెండు గంపలు మోటారు సైకిలుకి కట్టుకుని, మోచేతుల మీద చీమకాట్లు రుద్దుకుంటూ, "ఒప్పుకున్నా బావగారూ. గాలివానకి ముందే మొత్తం దించారు. తోట చెయ్యడం మీకొచ్చు," అని మనస్ఫూర్తిగా చెప్పి వెళ్ళాడు.

ప్రసాదంలో శ్రీమన్నారాయణ వంతుకి మూడు కాయలొచ్చాయి. అందులో ఒకటి పచ్చడికి పనికొస్తుందని బుజ్జమ్మ తీసేసుకుంది.