వెయ్యని రోడ్డే మంచి రోడ్డు

ప్రపంచంలోకెల్లా గొప్ప రోడ్డు మా పేటలో ఉంది. దాని మీద ఇంతవరకూ ఒక్క ప్రమాదం జరగలేదు. ట్రాఫిక్ జామ్ అన్న మాటే లేదు. పార్కింగ్ కోసం ఎవరూ కొట్టుకోలేదు! కారణం చాలా సులువు. ఆ రోడ్డు ఇంకా వెయ్యలేదు.

నవ్వకండి. గ్రీసులో ఏ రేవు పట్నం వాణ్ణి అడిగినా, ఇలాంటి రోడ్డు తమకీ ఒకటుందని గర్వంగా చెబుతాడు. మా తాతల కాలంలో ఎవరో ఇంజనీరు మహాశయుడు ఊరి పటం మీద స్కేలు పెట్టి, రేవు నుంచి కొండ దాకా ఒక గీత గీశాడు. దానికి స్వేచ్ఛా మార్గం అని పేరు కూడా పెట్టాడు. పెట్టి భోజనానికి వెళ్లినట్టున్నాడు, ఇంకా తిరిగి రాలేదు.

ఆయన రాకపోతేనేం, గీత ఉంది కదా! మా పేటంతా ఆ గీతని చూసే కట్టుకున్నాం. రోడ్డుకి అడ్డమని ఇళ్ల మూలలు కోసేశాం. రోడ్డు వైపు చూడాలని బాల్కనీలు తిప్పేశాం. కొత్త అపార్ట్‌మెంట్లన్నీ ఆ గీతకి సమంగా, పాత ఇళ్లతో మాటల్లేనట్టు మొహం పక్కకి పెట్టుకుని నిలబడ్డాయి. ఓడ దిగినవాళ్లు ఇదంతా చూసి, ఇక్కడ భూకంపం వచ్చిందా అని అడుగుతుంటారు. లేదండీ, ప్లానింగ్ వచ్చింది అని చెబుతాం.

మా ప్రోద్రోమోస్ కాఫీ కొట్టునే తీసుకోండి. దాన్ని కట్టించిన వాళ్ల నాన్న ముందుచూపు గల మనిషి. కొట్టు ముఖద్వారం రాబోయే రోడ్డు వైపు పెట్టించాడు. పెద్ద పెద్ద అద్దాల తలుపులు, పైన రంగుల బోర్డు. తలుపులు తీస్తే ఎదురుగా ఎవాంథియా అత్త వంటింటి గోడ! అందుకని మేమంతా వెనక సందులోంచి, గిన్నెలు తోమే గదిలోంచి, ప్రోద్రోమోస్ భార్యని పలకరించుకుంటూ కాఫీకి వెళతాం. ఇంత ఆప్యాయత ఏ మెయిన్ రోడ్డు కొట్టులో దొరుకుతుంది?

"నీ వంటిల్లే లేకపోతే, నా కొట్టు ముందు బస్సు ఆగేదత్తా!" అంటాడు ప్రోద్రోమోస్.

"ఆగుతుంది, ఆగుతుంది. ముందు నా పొయ్యి మీంచి రావాలిగా? టికెట్లు నేనే కొడతాలే" అంటుంది ఆవిడ.

అత్త ఇల్లు సరిగ్గా గీత మీద ఉంది. చట్టం లెక్కలో అది ఇల్లే కాదు, రోడ్డు. మంచం వెళ్లే బళ్ల వైపు, పొయ్యి వచ్చే బళ్ల వైపు. పొద్దున లేచి కాఫీ పెట్టుకోవడమంటే నాలుగు వరసల రోడ్డు దాటడమే. ఆవిడ అటూ ఇటూ చూసుకోకుండానే దాటేస్తుంది. ఎంత ధైర్యం!

రాజకీయంగా చూసినా ఇది బంగారంలాంటి రోడ్డు. వేసిన రోడ్డుకి ఒక్కసారే శంకుస్థాపన. వెయ్యని రోడ్డుకి ప్రతి ఎన్నికలకీ శంకుస్థాపనే! ఎప్పుడొచ్చినా వేడివేడి జున్ను రొట్టెలు పంచుతారు. వేసి పారేస్తే ఇవన్నీ ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఒక్కటే చిన్న ఇబ్బంది. అత్త డాబా కురుస్తుంది. పోయిన చలికాలమంతా ఆవిడ మంచం చుట్టూ గిన్నెలు పెట్టుకుని పడుకుంది. అసలే ఉబ్బసం మనిషి. ఆ తడి గోడల మధ్య ఇంకో చలికాలం గడిపితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అనుమతి లేకుండా ముట్టుకుంటే జరిమానా కాబట్టి మేస్త్రీలెవరూ రామన్నారు. అత్త మున్సిపల్ ఆఫీసుకి వెళ్లింది.

"డాబాకి తారు పూయించుకోవాలి బాబూ."

"అక్కడ డాబా లేదమ్మా. పటంలో రోడ్డుంది."

"మరి నేను పడుకునేదెక్కడ?"

"అదే మాకూ అర్థం కావటం లేదమ్మా" అన్నాడు ఆ అధికారి, పాపం, చాలా మర్యాదగా. ఏళ్ల తరబడి వెళ్లినప్పుడల్లా అదే మర్యాద.

ఈ ఏడు తొలి వాన పడ్డ రోజు అత్త దగ్గుకుంటూ కాఫీ కొట్టుకి వచ్చింది. ఆవిడ అవస్థ చూడలేక ప్రోద్రోమోస్ విసుక్కున్నాడు. "రోడ్డే అంటున్నారుగా! అయితే రోడ్డే బాగు చెయ్యమను!"

అత్త వాడి మొహం కేసి చూసింది. తరవాత ఫోన్ కేసి చూసింది. మున్సిపల్ ఆఫీసు నంబరు కొట్టింది.

"హలో, స్వేచ్ఛా మార్గంలో గుంట పడిందండీ. నీళ్లు నిలిచిపోయాయి. ముసలివాళ్లు తిరిగే చోటు. ఎవరైనా పడితే మీదే పూచీ."

మధ్యాహ్నానికల్లా లారీ వచ్చింది! సందులో పట్టక చివరే ఆగిపోతే, పనివాళ్లు తారు డబ్బాలు మోసుకొచ్చారు. పటం చూశారు. ఇల్లు చూశారు. మళ్లీ పటం చూశారు.

"రోడ్డేదమ్మా?"

"పైనుంది నాయనా. నిచ్చెన అదిగో."

పటం ప్రకారం చోటు అదే. ఇంకా ఆలోచిస్తూ కూర్చుంటే డబ్బాల్లో తారు గడ్డకట్టేలా ఉంది. ఎక్కి పోసేశారు. ప్రోద్రోమోస్ కాఫీలు అందించాడు. 'పని జరుగుచున్నది, నెమ్మదిగా పోవలెను' అన్న బోర్డుని వంటింటి గుమ్మంలో నిలబెట్టి, అత్తని కూడా కాసేపు ఆపేశారు. మర్నాడు కుండపోతగా వాన కురిసింది. మంచం మీద ఒక్క చుక్క పడలేదు. పేటంతా పండగ చేసుకున్నాం.

కాబట్టి వెయ్యని రోడ్డు గొప్పదన్న నా మాటకి తిరుగులేదు. కానీ ఒక్క సంగతే మింగుడు పడటం లేదు. తడిసి చస్తున్నానని ఎవాంథియా అత్త ఏళ్ల తరబడి మొత్తుకుంది. ఎవరూ రాలేదు. గుంట పడిందని ఒక్కసారి అంది. పూట తిరక్కుండా లారీ వచ్చింది. నాకు నవ్వొచ్చింది, తరవాత చచ్చేంత కోపమొచ్చింది. మా ఊళ్లో మనిషి నోటికి లేని విలువ గుంటకి ఉంది!