మర్యాదస్తుల దవడపన్ను

రూట్ కెనాల్ అంటే భయపడవలసిన పని లేదని కోనసీమ ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. నొప్పి ఉండదు. ఉన్నట్టు మర్యాదస్తులెవరూ ఇంతవరకు చెప్పలేదు.

పుచ్చిన పన్ను పీకకుండా, లోపల కుళ్లిన నరం తీసి, పంటి వేళ్లలోని సన్నటి దారులు శుభ్రం చేసి, మందు కూరి, పైన టోపీ పెడతారు. వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేశాక పూడిక తీసినట్టే. తేడా అల్లా, ఇక్కడ పూడిక నిజంగానే తీస్తారు.

మా ఊళ్లో మొదట చేయించుకున్నవారు సత్తిరాజు గారు. కొబ్బరితోట రైతు. ఆయన కూతురు రేవతికి అమలాపురం తాతాజీ గారి అబ్బాయితో సంబంధం కుదిరింది. తాంబూలాలు దగ్గరపడ్డాయి. పళ్ల డాక్టరు సౌజన్య గారు స్వయానా తాతాజీ గారి మేనకోడలు. కాబోయే వియ్యంకుడి మేనకోడలి ముందు నోరు తెరవాలంటే, నోరు మూసుకుని తెరవాలి.

మత్తు సూది వేసి, కాసేపు ఆగి, డాక్టరు గారు అడిగారు. "పెదవి మొద్దుబారిందాండీ బాబాయిగారూ?"

బారలేదు. కానీ ఆడపిల్ల పనిముట్టు పట్టుకుని నిలబడి ఉంది. నిలబెట్టడం మర్యాద కాదు.

"ఆయ్, బారిందండి," అన్నారు సత్తిరాజు గారు.

"నొప్పేస్తే చెయ్యెత్తండి. ఆపేస్తాను."

నొప్పేసింది. ప్రాణం ఎగిరి గోదాట్లో పడింది. చెయ్యెత్తారు. ఒక్క చెయ్యి ఎత్తితే దబాయించినట్టుంటుందని రెండోది కూడా కలిపారు. నమస్కారమైంది. పెద్దవారు తనకు దణ్ణం పెట్టడమేమిటని డాక్టరు గారు నొచ్చుకుని, మరింత శ్రద్ధగా పని చేశారు.

బయట బల్ల మీద వంతు కోసం కూర్చున్నవాళ్లు ఎలా ఉందని అడిగారు. చీమ కుట్టినట్టయినా లేదన్నారు సత్తిరాజు గారు. ఆయన కన్నీళ్లు ఆనందబాష్పాలుగా పరిగణించబడినవి.

తర్వాత రొయ్యల చెరువుల పోతురాజు గారు లోపలికి వెళ్లారు. ఆయనకూ నొప్పేసింది. చెబితే సత్తిరాజు గారిని అబద్ధాలకోరు అన్నట్టవుతుంది. ఆయనా దణ్ణం పెట్టారు. ఆ తర్వాతవారు ఇద్దరి పరువు మోయవలసి వచ్చింది. అలా పరువు పెరుగుతూ రాజోలు దాకా పోయింది. ఈ ప్రాంతం వారికి మందు తొందరగా ఎక్కుతోందని గమనించి, డాక్టరు గారు సూదికీ పనికీ మధ్య ఆగడం తగ్గించారు. విజ్ఞానం ఇలాగే అభివృద్ధి చెందును.

ఇంత జరిగాక డాక్టరు గారికి సన్మానం చేయకపోతే బాగుండదు. శాలువా కప్పి, పూతరేకుల బుట్ట ఇచ్చారు. పళ్ల డాక్టరుకు తీపి ఇవ్వడం దూరదృష్టి. అధ్యక్షులు తాతాజీ గారు ఇలా సెలవిచ్చారు. "నొప్పి అనేది బయటి ప్రాంతాల వారి అలవాటండి. గోదావరి నీళ్లు తాగిన పంటికి నొప్పి తెలియదండి." ఆయనకు ముందురోజే రూట్ కెనాల్ మొదటి విడత అయింది. ప్రసంగమంతా ఎడమ దవడతో చేశారు.

ఇక్కడ ఒక అపశ్రుతి చెప్పక తప్పదు. సత్తిరాజు గారి భార్య అప్పాయమ్మ గారికీ పన్ను పుచ్చింది.

"మొద్దుబారిందాండీ పిన్నిగారూ?"

"బార్లేదమ్మా. ఆగు."

ఆ మాట ఆ గదిలో అంతకుముందెన్నడూ వినబడలేదు. డాక్టరు గారు ఆగారు. మళ్లీ అడిగితే, ఇంకాస్త మందు వెయ్యమంది ఆవిడ. వేశారు. తర్వాత అప్పాయమ్మ గారు నోరు తెరిచి ఉండగానే గురక పెట్టారు. బయటికి వచ్చి, "చెబితే ఆగుద్దండి ఆ పిల్ల. మీరెవరూ చెప్పలేదేంటి?" అన్నారు.

వియ్యంకుడి మేనకోడల్ని ఆగమందట. ఊరంతా తలపట్టుకుంది. నొప్పి నిజంగానే లేదని ఆవిడ చెబుతున్నా నమ్మినవారు లేరు. సంబంధం పోయినట్టేనని పోతురాజు గారు వచ్చి పరామర్శించి వెళ్లారు. సత్తిరాజు గారు భార్యతో మాటలు మానేశారు. రేవతి గది తలుపు వేసుకుంది.

మర్నాడు తాతాజీ గారి కారు వచ్చి ఆగింది. సత్తిరాజు గారు క్షమాపణకు రెండు చేతులూ ఎత్తారు. తాతాజీ గారు ఆయన్ని దాటుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్లి, చెంప పట్టుకుని నిలబడ్డారు.

"చెల్లెమ్మగారూ, రేపు నాకు రెండో విడతండి. తమరు కూడా వస్తే... ఆ ఆగు అనే మాట నా తరఫున తమరు అందురుగానండి."

తాంబూలాలు అనుకున్న రోజునే జరిగాయి. పోతురాజు గారు కూడా తన రెండో విడతకు ఆవిడనే తీసుకెళ్లారు. ఇప్పుడు పెద్దమనుషులెవరూ అప్పాయమ్మ గారు లేకుండా ఆ కుర్చీ ఎక్కడం లేదు. ఆవిడ ఆగమంటుంది. పెద్దమనిషి నోరు తెరిచి ఉండగానే, ఆవిడ మాట పట్టించుకోవద్దన్నట్టు డాక్టరు గారికి సైగ చేస్తాడు. డాక్టరు గారు ఆవిడ మాటే విని ఆగుతారు. హాయిగా పని చేయించుకుని బయటికి వచ్చాక, ఆవిడకు బొత్తిగా మర్యాద తెలియదని బల్ల మీదివాళ్లకు చెబుతాడు.

కాబట్టి మీరు రూట్ కెనాల్‌కు వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రే, వాడుతున్న మందుల చీటీ, మర్యాద తెలియని మనిషి ఒకరు వెంట ఉండేలా చూసుకోండి. మీ వీధిలో ఒకరు ఉండే ఉంటారు. రోజూ తిడుతుంటారు కదా, వారే.