ఇరవై ఆరో పిన్ను

1987 మార్చిలో ఒక బుధవారం. మదనపల్లెలోని ఒక ఎలక్ట్రానిక్స్ ట్రైనింగ్ సెంటర్లో ల్యాబ్ అసిస్టెంట్ మునిరత్నం పది గంటలకు పని మొదలుపెట్టి పన్నెండుకు ముగించాలనుకున్నాడు. బెంగళూరు కంపెనీ ఒకటి పరీక్షించి చూడమని సింగిల్ బోర్డు కంప్యూటరు పంపింది. పలకంత బోర్డు, పైన పెట్టె లేదు. దాని కనెక్టర్లు, పోర్టులు సరిగా ఉన్నాయో లేదో చూసి రాయాలి. అలాంటిదే మరొకటి కుప్పం సెంటరుకు వెళ్లింది.

ఆరేళ్లుగా టెంపరరీలో ఉన్న మునిరత్నాన్ని పర్మనెంటు చేసే కాగితం ప్రిన్సిపాల్ వెంకటేశులు బల్ల మీద ఉంది. "ఈ పని సక్కంగా చెయ్యప్పా. సాయంత్రం దాని మీదా సంతకం పెడతా" అన్నాడాయన.

కరెంటు, కీబోర్డు, టేపు రికార్డరు పోర్టులు సరిపోయాయి. చివరిది ప్రింటరు కనెక్టరు. రెండు వరుసలు, వరుసకు పదమూడు పిన్నులకు చోటు, పిన్నులకు బంగారు పూత. మునిరత్నం పశువులు పెంచే ఇంట్లో పుట్టాడు. పుంగనూరు సంతలో ఎద్దు పళ్లు లెక్కపెట్టినట్టు వేలు ఆనించి లెక్కపెట్టాడు. ఇరవై ఐదు. అవతలి వైపు నుంచి లెక్కపెట్టినా ఇరవై ఐదే. వాళ్లింట్లో పన్ను తక్కువైన ఎద్దును కొనరు.

"ఒక పిన్ను లేదు సార్."

"యాడికి పోయింది? పార్సిలు తెరిసింది నువ్వే కదా?" అన్నాడు వెంకటేశులు. "మూడు గంటల బస్సుకు కంపెనీ ఇంజనీరు వస్తాండాడు. అది దొరికితే సరి, లేదంటే నువ్వు రేపట్నుంచి రావద్దు."

మునిరత్నం గది ఊడ్చి దుమ్మును జల్లెడ పట్టాడు. దొరకలేదు. కుప్పంలో తనలాగే టెంపరరీగా ఉన్న ఓబులప్పకు ట్రంకాల్ చేశాడు.

"మీ బోర్డుకు పిన్నులెన్నప్పా?"

ఓబులప్ప వెళ్లి లెక్కపెట్టి వచ్చాడు. "ఇరవై ఐదుండాయి. యాల?"

మునిరత్నం పరుగున వచ్చి చెప్పాడు. వెంకటేశులు నమ్మక తనే ఫోన్ చేశాడు. ప్రిన్సిపాల్ గొంతు వినగానే ఓబులప్పకు తన ఉద్యోగం గుర్తొచ్చింది. "అన్నీ ఉండాయి సార్, ఇరవై ఆరు" అని ఫోన్ పెట్టేసి, రాగితీగ ముక్క తెచ్చి ఖాళీ చోట అతికించాడు.

"కుప్పంలో ఉండాదంట. ఈడ నువ్వే పోగొట్టినావు" అన్నాడు వెంకటేశులు.

మునిరత్నం ఇంటికి వెళ్లి సంగతి చెప్పి, భార్య బయ్యమ్మను బంగారు ముక్కుపుడక అడిగాడు.

"ఇనుప ముక్క పెడితే ఏమి? నా ముక్కే దొరికిందా నీకు?"

"తక్కినవన్నీ బంగారు రంగులో ఉండాయే. తెలిసిపోతాదే."

ఆమె పుడక తీసిచ్చి, "నువ్వు పర్మనెంటయ్యేలోగా నా ముక్కు పూడిపోతాది" అంది.

పుడక కాడ కత్తిరించి అతను ఖాళీ చోట చక్కగా టంకం పెట్టాడు. వెంకటేశులు లెక్కపెట్టి చూసి, "ఇరవై ఆరు పిన్నులు, నా సమక్షంలో పరీక్షించడమైనది" అని రాసి సంతకం చేశాడు.

మూడింటికి ఇంజనీరు నాగరాజు వచ్చి ప్రింటరు కేబులు పెట్టబోయాడు. అది దిగలేదు.

"గట్టిగా నొక్కండి" అన్నాడు వెంకటేశులు.

నొక్కితే కేబులు కొస పగిలింది. నాగరాజు భూతద్దం తీశాడు. "ఇది మాది కాదు సార్. ఈడ పిన్ను ఉండకూడదు. కేబులు తిరగేసి పెట్టకుండా మేమే ఒకటి తీసేస్తాం, కేబులుకు ఆ రంధ్రం మూసేస్తాం. దీన్ని పెట్టిందెవరు?"

వెంకటేశులు మునిరత్నాన్ని చూశాడు. తర్వాత తన సంతకం చూశాడు. పరికరాన్ని టెంపరరీ మనిషి ముట్టుకోకూడదని సెంటరు నడిపే కమిటీ నిబంధన. బోర్డును అతని చేతికి ఇచ్చింది తనే.

"మా పర్మనెంటు స్టాఫే" అన్నాడాయన. పక్క గదిలోకి వెళ్లి, పోయిన నెల ఫిబ్రవరి ఒకటో తేదీ వేసి మునిరత్నం పర్మనెంటు ఆర్డరు టైపు చేయించాడు.

ఇంజనీరు మర్నాడు కుప్పం వెళ్లేసరికి, మునిరత్నం ఫోన్ చేసి చెప్పడంతో ఓబులప్ప రాగితీగ పీకేసి, బోర్డును వచ్చినట్టే ఉంచాడు. అతని పనిలో ఏ లోపమూ కనబడలేదు కనుక అతను టెంపరరీలోనే కొనసాగాడు.