డాబా మీద సముద్రపు రిబ్బన్లు

ఆ రిబ్బన్లు పడవలో ఉండాలా, మా డాబా మీద ఉండాలా అన్న తగువు పొద్దుటి కాఫీలప్పుడు మొదలై, మధ్యాహ్నం కంచాల ముందుకి వచ్చినా తెగలేదు. నా తీర్పు నేను చెప్పేస్తున్నాను: డాబా మీదే! నడిసముద్రంలో ట్యూనా చేపల వేట వల్ల ఇల్లాళ్ళకి ఎంత మేలు జరుగుతోందో ఇంతవరకూ ఎవరూ గుర్తించలేదు.

మావారు ట్యూనా పడవకి సరంగు. ఆ పడవ వల వెయ్యదు. ఈ ఊరి నుంచి పై ఊరికి పరిచేంత తాడు, దానికి వేలాడే వేల గాలాలు, గాలానికో ఎర. ఎంత సమదృష్టి! ట్యూనా వస్తే ట్యూనా, తాబేలు వస్తే తాబేలు, సొరచేప వస్తే సొరచేప. పిలవకుండా వచ్చినా పొమ్మనే అలవాటు లేదు. కాకపోతే, వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళడం తక్కువ.

తాడు నీళ్ళలోకి జారుతున్నప్పుడు పెద్ద రెక్కల పక్షులు ఎర కోసం దూకుతాయి. గాలం గొంతులో దిగి, తాడుతో పాటే మునిగిపోతాయి. వాటిని బెదరగొట్టడానికి పడవ వెనక రంగురంగుల రిబ్బన్ల తాడు కట్టాలని రూలు. మంచి రూలే! కానీ అది గాలాలకి చిక్కుపడుతోందని మావారు విప్పి ఇంటికి తెచ్చేశారు. మరి తనిఖీకి వస్తే? పక్క పడవది అడిగి తెచ్చి చూపిస్తారట. రేవు మొత్తానికి ఒక్క తాడు! ఇంతకన్నా పొదుపు ఏ సంసారంలో చూశారు?

మా అత్తగారు దాన్ని ఆరబోసిన గోధుమల మీదుగా కట్టించుకున్నారు. అంతే, ఒక్క పిట్ట వాలితే ఒట్టు! పొద్దస్తమానం కర్ర పట్టుకుని కూర్చునే మనిషి, ఇప్పుడు నీడలో హాయిగా కునుకు తీస్తున్నారు.

మా అమ్మాయికే ఈ లోకజ్ఞానం అబ్బలేదు. రేపు పడవ కదిలేలోగా రిబ్బన్ల తాడు దాని మీదకి ఎక్కి తీరాలంటుంది. ఆ పక్షి ఒక్కటే పోదట. ఎక్కడో దీవిలో, గూట్లో దానికోసం నోరు తెరుచుకుని కూర్చున్న పిల్ల కూడా పోతుందట.

మావారు నవ్వేశారు. "నడిసముద్రం ఎవరిదే పిచ్చితల్లీ? ఎవడొచ్చి చూస్తాడు అక్కడ?"

అదీ మాట! మా వాటా మెట్లు కూడా అందరివీ. అందుకే ఎవరూ ఊడవరు. ఎవరిదీ కాని చోట ఉన్నంత సుఖం ఇంకెక్కడుంది?

అత్తగారు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు. ఆ పక్షులు వచ్చేది పిల్లల మేత కోసమేనా అని కొడుకుని అడిగారు. అవునన్నట్టు ఆయన తలూపారు. ఆవిడ చెయ్యి కడుక్కుని డాబా ఎక్కారు.

దిగేటప్పుడు ఆవిడ భుజాన రిబ్బన్ల తాడు ఉంది. గుమ్మం పక్కన సర్ది పెట్టిన కొడుకు సంచి విప్పి, చొక్కాల మీద దాన్ని చుట్టగా పెట్టి, జిప్పు లాగారు. మావారు సాయం కోసం నావైపు చూశారు. నేను నా కంచంలోకి చూసుకున్నాను.

"తాడు నీతో వస్తుంది, పడవకి కడతావు," అన్నారు అత్తగారు, కూర వడ్డించుకున్నంత నెమ్మదిగా. "ఇక్కడ పిట్టల్ని తోలడానికి నేనున్నాను. అక్కడ ఎవరున్నార్రా?"