ఏసీ తాగిన పెట్రోలు

అది ఎనభై మూడో సంవత్సరం, మే నెల. ఆ మంగళవారం పొద్దున గోపాలయ్య వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. జార్జి టౌన్‌లో మిరపకాయల టోకు వ్యాపారం ఆయనది. ఎన్నూరులో క్యాంటీను నడిపే పాత ఖాతాదారుకు కొత్త సరుకు చూపించి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాలి. వెళ్ళేముందు కారుకు టాంకీ నిండా పెట్రోలు పోయించాలి. వచ్చాక మళ్ళీ నింపించి, ఎన్ని లీటర్లు పట్టిందో చూడాలి. దాంతో మూడు నెలలుగా ఆయన్ని తొలుస్తున్న సందేహం తీరిపోతుంది. పెట్రోలు తాగుతున్నది అంబాసిడర్‌లో కొత్తగా పెట్టించిన ఏసీయా, లేక డ్రైవరు మోసెసా అన్నదే ఆ సందేహం.

ఏసీ లేని రోజుల్లో ఎన్నూరు పోయి రావడానికి నాలుగున్నర లీటర్లు చాలేది. ఇప్పుడు ఆరు దాటుతోంది. అది ఏసీ పనేనని మోసెస్ మొదటి నెల నుంచీ చెబుతున్నాడు. ఏసీ చెంచాడు కూడా తాగదని గుమాస్తా దామోదరం చెబుతున్నాడు. చూలై పేటలో షెడ్డు పెట్టుకుని దాన్ని బిగించింది దామోదరం బావమరిదే.

"చూడు మోసెస్. ఏసీ తాగిందని తేలితే దాన్ని పీకించేస్తాను. తాగలేదని తేలితే నువ్వు బండి తాళం నా చేతిలో పెట్టి పో. న్యాయమే కదా?" అని ముందురోజే అన్నాడు గోపాలయ్య.

"న్యాయమేనయ్యా," అన్నాడు మోసెస్.

పదకొండేళ్ళ ఉద్యోగం. పోతే పోయిందనుకోవడానికి లేదు. పెట్రోలు దొంగ అన్న పేరుతో బయటపడితే ఆ చుట్టుపక్కల ఏ శెట్టిగారూ తన బండి తాళం మళ్ళీ ఇవ్వరు. పొద్దున ఇంట్లో చద్దన్నం వడ్డిస్తూ భార్య చెల్లమ్మ ఒక ఉపాయం చెప్పింది కూడా.

"ఆడ యాడన్నా ఆపినప్పుడు ఒక లీటరు తీసి పారబొయ్యి. ఏసీ తాగిందని నీ మాటే నిలబడతాది."

"దొంగను కానని చూపించేదానికి దొంగతనం చెయ్యమంటావా?"

"ఊరికే అన్నాలే. తిను."

బంకులో టాంకీ నింపించుకుని బయలుదేరారు. వెనక సీటులో గోపాలయ్య, ఆయన పక్కన దామోదరం. దామోదరం ఒళ్ళో ఒక గుడ్డ సంచీ ఉంది. పసిబిడ్డను పట్టుకున్నట్టు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఏందది?" అన్నాడు గోపాలయ్య.

"మజ్జిగ ముదలాళీ. ఎండ కదా," అన్నాడు దామోదరం. యజమానిని అతను ఆ అరవ మాటతోనే పిలుస్తాడు.

అద్దాలు ఎత్తి ఏసీ వేశారు. కాసేపటికి గోపాలయ్య ముక్కు ఎగబీల్చాడు. "పెట్రోలు వాసన వస్తాంది."

"ఇప్పుడే పోయించినాం కదా ముదలాళీ," అని దామోదరమే జవాబు చెప్పాడు.

తిరువొత్తియూరు దాటాక గోపాలయ్యకు దాహం వేసింది. "ఆ మజ్జిగ ఇట్లా ఇయ్యి."

దామోదరం ముఖం పాలిపోయింది. "పులిసిపోయింది ముదలాళీ. మీకు పడదు."

"పొద్దున తెచ్చింది అప్పుడే పులిసిందా?"

"మా ఇంట్లో మజ్జిగ అట్లాంటిది."

ఎన్నూరులో గోపాలయ్య సరుకు చూపించడానికి లోపలికి వెళ్ళాడు. మోసెస్ టీ తాగి వచ్చేసరికి దామోదరం కారు వెనక నిలబడి కండువాతో చేతులు తుడుచుకుంటున్నాడు. సంచీ తేలికగా వేలాడుతోంది. మజ్జిగ తాగేశాడు కాబోలనుకున్నాడు మోసెస్.

తిరుగు ప్రయాణంలో ఇల్లు ముందు వస్తుంది, బంకు తరువాత. గోపాలయ్య కాళ్ళు కడుక్కుని వస్తానని దిగాడు. దామోదరం కూడా ఆయన వెంట లోపలికి వెళ్ళాడు. ఆయన భార్య అలివేలుమంగమ్మ మోసెస్‌ను పెరటి వసారాలోకి పిలిచి ఆకు వేయించింది. పదకొండేళ్ళలో ఆమె తనకు దగ్గరుండి అన్నం పెట్టించడం అదే మొదటిసారి. మారు వడ్డించమంది. పాయసం కూడా పోసింది. ఇది తనకు ఈ ఇంట ఆఖరి భోజనమేమోనని మోసెస్‌కు ముద్ద దిగలేదు. చెయ్యి కడుక్కుంటూ చూస్తే, పనిమనిషి పొన్నమ్మ చేతిలో నూనె గరాటుతో వీధి వైపు నుంచి వస్తోంది. వీధిలో నూనె గరాటుతో ఏం పనో అతనికి అర్థం కాలేదు.

బంకులో పెట్రోలు పోసే ఆరోగ్యసామి టాంకీ మూత తీశాడు. గొట్టం పెట్టబోయి ఆగి, లోపలికి వంగి చూశాడు.

"ఏంది ఆలస్యం? పొయ్యి," అన్నాడు గోపాలయ్య.

"పట్టదు సార్. ఫుల్లుగా ఉంది."

గోపాలయ్య దిగి వచ్చి స్వయంగా చూశాడు. పెట్రోలు మూతి దగ్గర మిలమిల మెరుస్తోంది. "నలభై కిలోమీటర్లు," అన్నాడు నెమ్మదిగా. "సున్నా లీటర్లు."

"ఫారిన్ సామాను ముదలాళీ," అన్నాడు దామోదరం. కానీ తనూ ఒకసారి టాంకీలోకి వంగి చూశాడు. "చల్లదనానికి పెట్రోలు ఆవిరి కాకుండా నిలబడతాదేమో."

గోపాలయ్య ఆ మాట వినలేదు. ఆయన మోసెస్‌ను చూస్తున్నాడు. "అంటే ఏసీ తాగేది లేదు. ఈ మూడు నెలల పెట్రోలూ నడిచి పోయిందన్నమాట. తాళం ఇట్లా పెట్టు."

టాంకీ నిండుగా కనిపిస్తూనే ఉంది. మోసెస్ తాళంచెవికి కట్టిన తన చిన్న సిలువను విప్పి జేబులో వేసుకుని, చెవిని ఆయన అరచేతిలో పెట్టాడు. చెల్లమ్మ మాట విన్నా ఈ రోజు గెలిచేవాణ్ణి కాదు అనుకున్నాడు.

"ఇంకోటి సార్," అన్నాడు ఆరోగ్యసామి. "పొద్దున నేను రెండు వేళ్ళు తక్కువగా పోసినాను. ఇప్పుడు అంచు దాకా ఉంది."

తాళంచెవి మీద మూసుకోబోతున్న గోపాలయ్య గుప్పిలి అక్కడే ఆగిపోయింది.

నలభై ఏళ్ళ వ్యాపారంలో ఆయన తరుగు చూడని రోజు లేదు. మిరపకాయ గుంటూరులో ఒక తూకం, దారిలో ఒక తూకం, అంగట్లో ఒక తూకం. సరుకన్నది ఎప్పుడూ తరుగుతుంది. పెరిగిందంటే ఒకటే అర్థం.

"దామోదరం, మన బస్తా దారిలో బరువు పెరిగిందంటే ఏమంటాం?"

"ఎవరో నీళ్ళు చల్లినారంటాం," అన్నాడు దామోదరం నేల చూస్తూ.

గోపాలయ్య అతని దగ్గరికి జరిగి, కండువా చెంగు పట్టుకుని వాసన చూశాడు. "మన అంగట్లో మిరపకాయ వాసన రాని మనిషివి నువ్వొక్కడివే. ఎంత పోసినావు?"

"మూడు లీటర్లు ముదలాళీ. దేవుడి మీద ఒట్టు, మూడే. తక్కింది యాణ్ణుంచి వచ్చిందో నాకూ తెలీదు. అందుకే భయంగా ఉంది."

మోసెస్‌కు అప్పుడు నూనె గరాటు గుర్తొచ్చింది. చెప్పాలా వద్దా అనుకున్నాడు. పాయసం పోసిన చెయ్యి కదా అని ఊరుకున్నాడు.

చెప్పవలసిన పని పడలేదు. మోసెస్ బండి తోలి ఇంటి ముందు ఆపి, తాళంచెవిని మళ్ళీ ఆయన చేతిలో పెట్టేసరికే అలివేలుమంగమ్మ గడపలో నిలబడి ఉంది. "ఎంత పట్టింది?"

"ఏమీ పట్టలేదు."

"చూసినారా, ఏసీ ఏమీ తాగదని నేను అనలా?"

గోపాలయ్య ముక్కు ఎగబీల్చి, ఆమెను దాటి వాసన వెంట వంటింట్లోకి వెళ్ళి, గరాటు పట్టుకుని వచ్చాడు. "నువ్వుల నూనె గరాటుకు ఈ వాసనేంది?"

ఆమె ఒక క్షణం ఆలోచించి, దాచడం దండగనుకుంది. "పొన్నమ్మ చేత డబ్బాలో పెట్రోలు తెప్పించి పట్టినంత పొయ్యమన్నాను. మూడు లీటర్లకు పైనే పట్టింది. ఈ ఏడు నేను ఎండ అనేది ఎరగను. దాన్ని పీకిస్తామంటే చూస్తా కూచుంటానా?" అంటూ ఆయన చేతిలో తాళంచెవి చూసింది. "అది మీ దగ్గరుందేంది? బండి మీరు తోలినారా?"

సంగతి విన్నాక ఆమె ముఖం మారిపోయింది. "అతని ఉద్యోగం దీని మీద పెట్టినారని నాకెవరు చెప్పినారు? ఇట్లా ఇవ్వండి." ఆయన చేతిలోంచి చెవి తీసుకుని మోసెస్‌కు ఇచ్చింది. "ఏమనుకోవద్దు మోసెస్. నేను ఏసీకి పోసినాననుకున్నాను. నీ మీద పోసినానని తెలీదు."

"పర్లేదమ్మా," అన్నాడు మోసెస్. పాయసం రుచి అతనికి ఇప్పుడు తెలిసింది.

మరునాడు మళ్ళీ ఎన్నూరు దారిలోనే పరీక్ష పెట్టారు. ఈసారి పెట్రోలు పోయగల వాళ్ళెవరూ బయట మిగలకుండా అలివేలుమంగమ్మను, పొన్నమ్మను, దామోదరాన్ని కూడా కారులో కూర్చోబెట్టారు. రైలు గేటు పడింది. "నిలబడిన బండికి చల్లదనం దండగ. ఆపు," అన్నాడు గోపాలయ్య. మోసెస్ ఏసీ ఆపాడు. రెండు నిమిషాలకు ఆయన మెడ తుడుచుకున్నాడు. నాలుగో నిమిషంలో కండువా తీసి విసురుకున్నాడు. గూడ్సు బండి ఇంకా సగం కూడా పోలేదు.

"వెయ్యి," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా.

బంకులో ఆరోగ్యసామి పోస్తూ ఉంటే అందరూ మీటరు వైపే చూశారు. నాలుగున్నర దగ్గర మోసెస్ ఊపిరి బిగబట్టాడు. ఐదు దాటింది. ఆరు దాటి, కాస్త పైన ఆగింది. అతను మెల్లగా ఊపిరి వదిలి, జేబులోని సిలువను తీసి మళ్ళీ తాళంచెవికి కట్టుకున్నాడు.

"తాగుతాది," అని ఒప్పుకున్నాడు గోపాలయ్య. "తాగనీ."

ఆ వారంలోనే టాంకీ మూతకు తాళం పడింది, దాని చెవి కూడా మోసెస్‌కే ఇచ్చారు. ఇంట్లోవాళ్ళు పెట్రోలు పోయకుండా వేసిన తాళమంటే ఎవరూ నమ్మరు కాబట్టి, దొంగల భయంతో వేయించానని గోపాలయ్య బజారులో చెప్పుకున్నాడు.