ఎద్దులు అక్కరలేని పలక

శనివారం పొద్దున తిమ్మరాయప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. కొలిమి ఈరప్ప దగ్గరికి వెళ్ళాలి, చిటికెన వేలంత ఇనుప పిన్ను చేయించుకోవాలి, ఎండెక్కక ముందే ఇంటికొచ్చి రాగిముద్ద తినాలి. అంతే! ఆ పిన్ను లేకపోతే పడవ వెనక చుక్కాని నిలవదు. చుక్కాని నిలవకపోతే పడవ గాలి మాట తప్ప ఇంకెవరి మాటా వినదు.

చింతామణిలో శెనక్కాయల వ్యాపారికి తెరచాప పడవ ఎందుకని మాత్రం అడగకండి, ఊరంతా మూడేళ్ళుగా అదే అడుగుతోంది. బెంగుళూరులో ఎవరో దొర దేశం వదిలిపోతూ సామాన్లు వేలం వేస్తుంటే, కాయలు తూచే కాటా కొందామని వెళ్ళిన మనిషి లారీలో పడవ వేసుకొచ్చాడు. ఆ మూడేళ్ళూ చెరువు నిండలేదు. అయినా తిమ్మరాయప్ప రోజూ సాయంత్రం పెరట్లో పడవెక్కి, తెరచాప ఎత్తి, చుక్కాని అటూ ఇటూ తిప్పి అభ్యాసం చేశాడు. కోళ్ళు ప్రయాణం చేశాయి, దారిలో గుడ్లు కూడా పెట్టాయి. ఈ ఏడు వానలు దంచికొట్టాయి, చెరువు నిండి అలుగు పారింది. ఆదివారం పడవ దించుతానని ఆయన సంతలో అందరికీ చెప్పేశాడు. తీరా చూస్తే గూట్లో పెట్టిన పిన్ను లేదు!

"మునిరత్నా, చుక్కాని పిన్ను చూసినావా?"

భార్య మునిరత్నమ్మ తిరగలి ఆపలేదు. "నీ పడవ సామాన్లు నేనేల ముట్టుకుంటానయ్యా? రాయి ఈ వారమే బాగా తిరుగుతాండాది, నన్ను ఆపొద్దు. ఒక మాట చెప్తా విను. రేపు ఆ పడవ నీళ్ళల్లో పోయిందా, సరి. లేదంటే సోమవారం దాన్ని కోయించి బర్రెకు మేత తొట్టి చేయిస్తా."

"మరి తెరచాప?"

"శెనక్కాయలు ఎండబోసుకోను పనికొస్తాది."

మునిరత్నమ్మ అన్నదంటే చేసేదే. తిమ్మరాయప్ప కొలిమికి పరుగెత్తాడు. ఈరప్ప లేడు, బండి చక్రాలకు ఇనుప పట్టాలెక్కించడానికి బట్లహళ్ళికి వెళ్ళాడట. పిన్ను కొలత చూపించాలంటే చుక్కాని ఉండాలి కదా! నడుమెత్తు టేకు పలక, పైన పట్టుకునే కర్ర, పక్కన రెండు ఇనుప చెవులు, ఆ మొత్తాన్నీ భుజాన వేసుకుని ఆయన బస్సెక్కాడు.

పక్కన కూర్చున్న పిళ్ళప్ప అనే రైతు పలకను తట్టి చూశాడు. "ఏమప్పా ఇది?"

"చుక్కాని."

"ఏం చేస్తాది?"

"నీళ్ళల్లో పెట్టి తిప్పితే, మనం చెప్పిన పక్కకు పోవాల్సిందే."

"ఎంతమంది కావాల?"

"ఒక్కడు చాలు. ఒక చెయ్యి చాలు."

"ఎద్దులు?"

తిమ్మరాయప్పకు నవ్వొచ్చింది. "ఎద్దులేలప్పా? గాలి ఉంటే చాలు!"

బ్లాకు డెవలప్‌మెంటు ఆఫీసు వాళ్ళు జపాను పద్ధతి వరి అంటూ ఊరూరా కొత్త పనిముట్లు చూపిస్తున్న రోజులవి. బట్లహళ్ళిలో మళ్ళన్నీ నాట్లకోసం బురద చేసి ఉన్నాయి, ఎద్దులు నురగలు కక్కుతున్నాయి. పిళ్ళప్ప మెల్లగా వెనక సీటువైపు తిరిగాడు. బస్సు ఆగేసరికి, ఎద్దులు లేకుండా మడి చదును చేసే పలక వచ్చిందన్న వార్త అందరికంటే ముందు దిగింది.

ఈరప్ప ఇంకా కొలత చూస్తుండగానే చుట్టూ ఇరవై మంది మూగారు. "ఇది పడవదప్పా!" అని తిమ్మరాయప్ప మూడుసార్లు చెప్పాడు.

"సూడు, మనకు ఇయ్యకుండా ఎట్ల తప్పించుకుంటాండాడో!" అన్నాడు పిళ్ళప్ప.

అంతలో గ్రామసేవక్ మునికృష్ణప్ప పరుగెత్తుకొచ్చాడు. ఉద్యోగంలో చేరి రెండు నెలలే అయింది, బ్లాకు పంపిన కాగితాల్లో సగం విప్పనేలేదు. ఈ పలక సంగతి ఆ సగంలోనే ఉండి ఉంటుందని ఆయన భయం.

"ఏమి సార్, ఇది మీకు తెలుసునా?" అని పిళ్ళప్ప అడిగాడు.

"తెలియకేం? కొత్త మోడలు!"

ఇంకేముంది, చుక్కాని మడిలోకి దిగింది. నలుగురు తాడు కట్టి లాగారు, పిళ్ళప్ప వెనక కర్ర పట్టుకున్నాడు. విచిత్రమేమంటే బురద అద్దంలా చదునైంది! "ఈ పొద్దు గాలి లేదు గదా, అందుకే లాగుతాండాము" అని ఒకరికొకరు సర్దిచెప్పుకున్నారు. సరిగ్గా అప్పుడే బ్లాకు ఆఫీసరు జీపు వచ్చి ఆగింది.

"బహళ చెన్నాగిదె! చాలా బాగుంది!" అని ఆయన చప్పట్లు కొట్టి, మర్నాడు చిక్కబళ్ళాపురంలో జరిగే ప్రదర్శనకు పలకను జీపులో వేయించేశాడు.

"అయ్యా, అది నాది సార్, నాది!" అని తిమ్మరాయప్ప అడ్డం పడ్డాడు.

"ఓహో, కనిపెట్టింది మీరేనా!" అని ఆఫీసరు తన మెడలోని బంతిపూల దండ తీసి ఆయన మెడలో వేసి, జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఈరప్ప వచ్చి చేతిలో పిన్నులు పెట్టాడు. "డజను ఉండాయప్పా. ఇనుము కాగినాక ఒకటైతే ఏమి, పన్నెండైతే ఏమి? పిళ్ళప్పోళ్ళు ఆరుగురు ఇట్లాంటి పలకలే చెవులతో సహా చేయిస్తాండారు, నాకు ఊపిరి తీసుకోను టైము లేదు."

పొద్దున చుక్కాని ఉంది, పిన్ను లేదు. సాయంత్రం జేబులో డజను పిన్నులు, మెడలో దండ. చుక్కాని లేదు.

ఆదివారం ఊరంతా చెరువుకట్ట మీదే ఉంది. పడవ ఒడ్డున ఉంది. వడ్రంగి గోపాలప్ప కూడా వచ్చి, ఎవరూ అడగకుండానే దాన్ని జానలతో కొలుస్తున్నాడు. "తొట్టి పెద్దదే వస్తాదమ్మా" అన్నాడు మునిరత్నమ్మతో. తిమ్మరాయప్ప నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు కట్టమీద బండి ఆగింది. పిళ్ళప్ప, ఇంకో ఐదుగురు దూకారు. ఒక్కొక్కరి భుజాన ఒక్కో కొత్త పలక!

"మోసం చేస్తివే అప్పా! తెల్లారినప్పట్నుంచి మడిలో నిలబెట్టుకోని ఉండాము. గాలి వచ్చె, నా తలగుడ్డ కూడా ఎగిరిపాయె, పలక మాత్రం జానెడు కదల్లా!"

తిమ్మరాయప్ప ఆ పలకను ఒక్కసారి చూశాడు. రెండు చెవులు! లాక్కుని పడవ వెనక ఆనించి, పైనుంచి పిన్ను దించాడు. టక్కుమని కూర్చుంది.

"ఎక్కు పిళ్ళప్పా! గాలిని ఎట్ల పట్టుకోవాలో చూపిస్తా!"

తెరచాప టపటపలాడి ఒక్కసారిగా పొంగింది. పడవ పక్కకు ఒరిగి నీళ్ళను చీల్చుకుంటూ పోయింది. మూడేళ్ళు కోళ్ళకు మాత్రమే చూపించిన విద్యనంతా తిమ్మరాయప్ప బయటికి తీశాడు. చుక్కాని తిప్పాడు, పడవ తిరిగింది! మళ్ళీ తిప్పాడు, మళ్ళీ తిరిగింది! కట్టమీద ఈలలే ఈలలు. గోపాలప్ప జానలు మర్చిపోయి ఎగిరి గంతేశాడు.

ఒడ్డుకు రాగానే పిళ్ళప్ప తడి మీసాలు తుడుచుకుంటూ తనవాళ్ళతో అన్నాడు. "అర్థమాయె! పలకకు గుడ్డ కట్టాల! ఆ మాట ముందే చెప్పకపాయె ఈయప్ప!"

రెండో విడతకు మునిరత్నమ్మ కొంగు బిగించి ఎక్కింది. "కోళ్ళకు లేని భయం నాకేల?" అని, చెరువు చుట్టూ తిరిగినంతసేపూ మొగుడి భుజం వదల్లేదు. బర్రె తొట్టి మాట ఎత్తలేదు.

ఇంటికొచ్చాక ముద్దకు పిండి కావాలని ఆమె తిరగలి పైరాయి ఎత్తింది. నడిమధ్యన, నున్నగా మెరుస్తూ, చిటికెన వేలంత ఇనుప పిన్ను.

"పాత కీలు విరిగిపాయె. గూట్లో యాదో ఇనుప ముక్క ఉంటే పెట్టినా. ఎంత బాగా తిరుగుతాండాదో సూడు!"

తిమ్మరాయప్ప జేబులోంచి ఇంకో పిన్ను తీసి గూట్లో పెట్టాడు, తిరగలికి మళ్ళీ అవసరమొస్తే పడవ జోలికి రాకుండా.