త్యాగం చవకైంది, చెల్లాయ్ రావమ్మా!

మా రాష్ట్ర ప్రభుత్వానికి పాదాభివందనం! కుటుంబంలో ఆస్తి హక్కు వదులుకునే పత్రానికి రిజిస్ట్రేషన్ ఫీజు బాగా తగ్గించేసింది. మా బిలాస్‌పూర్‌లో దాన్ని 'హక్ త్యాగ్' అంటారు. ఎంత పవిత్రమైన మాటో చూడండి!

ఇంతకీ ఈ త్యాగం ఎవరు చెయ్యాలంటారు? అన్నలా? ఛ! అంత పుణ్యం మనకెందుకండీ, ఆడపిల్లలకే వదిలేద్దాం.

మా నాన్న రైల్వేలో గార్డుగా రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకుని, వీలునామా రాయకుండానే పోయారు. దాంతో చట్టప్రకారం నాకెంతో మా చెల్లెలు సౌభాగ్యకూ అంతే. చివరి రోజుల్లో నాన్నను కర్గీ రోడ్ అనే ఊళ్లో తనింట్లో పెట్టుకుని చూసుకున్నది సౌభాగ్యే. ఆ సేవలో నేను వాటా అడిగానా? మరి ఇంట్లో తనకెందుకు?

ఫీజు తగ్గిందని తెలియగానే నాలో అన్నప్రేమ పొంగింది. ఏళ్ల తరబడి పిలవని చెల్లెల్ని భోజనానికి పిలిచాను. స్టేషన్‌కి ఎదురెళ్లాను! పులిహోర, గారెలు, ఆపైన పసుపు కుంకుమలతో పట్టుచీర. చీర పక్కనే పత్రం, పత్రం మీద పెన్ను. చీర అందుకున్న చెయ్యి సంతకం పెట్టాలి, మా రైల్వే తెలుగువాళ్ల పద్ధతి అది.

సౌభాగ్య చీర మడత విప్పింది.

"ఏటొదినా, ఇది మీ త్రినాథన్నయ్య తెచ్చిన చీర కాదేటి? చీరా, కాయితం కలిపి ఫోన్లో ఫొటో ఎట్టావు కదా!"

మా ఆవిడ కనకమహాలక్ష్మి నావైపు చూసింది. నిజమే. కిందటి వారం మా బావమరిది త్రినాథరావు కూడా ఫీజు తగ్గిందని ఈ చీరా, ఇలాంటి పత్రమే పట్టుకొచ్చాడు. "ఆడపిల్ల హక్కయ్యా! చట్టం తెలీదా?" అని గర్జించి పంపించింది నేనే. చీర మాత్రం ఉంచుకున్నాం.

"అచ్ఛా! మరి ఆ కాయితం మీద నువ్వు సంతకం ఎట్టావేటి?" అంది సౌభాగ్య.

"మీ అన్నయ్య ఎట్టనిస్తేనా?" అంది మా ఆవిడ, నవ్వాపుకోలేక.

సౌభాగ్య చీర సంచిలో పెట్టుకుని, పెన్ను నా జేబులో పెట్టింది. "ముందుగది తాళం ఇయ్యన్నయ్యా. కుట్టుమిషను ఎట్టుకుంటాను."

చేతులారా ఇచ్చాను. ఏడుపొచ్చింది.

కాబట్టి ప్రభుత్వానికి నా మనవి. ఫీజు తగ్గిస్తే చాలదు. భార్య పుట్టింటి వాటా తెచ్చుకోవాలి, చెల్లెలు పుట్టింటి వాటా వదులుకోవాలి. ఈ రెండూ ఒకే చట్టంలో ఇరికించండి! మీకు కష్టమేమీ కాదు, మా ఇళ్లల్లో ఇన్నాళ్లూ నడుస్తున్నది అదేగా.

కాస్త తొందరగా కానివ్వండి. ముందుగదిలో మిషను చప్పుడు మొదలైంది.